ఎడమ గార్డు ఆకలి

"ఎక్కు," అంది నోరీన్.

వంటింటి మధ్యలో తూకం మెషిన్ పెట్టి ఉంది. స్నానాలగదిలో ఉండాల్సింది ఇక్కడికెలా వచ్చిందని మైరన్ అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది. ఆ జవాబు వినడానికి అతను సిద్ధంగా లేడు.

"ఇప్పుడెందుకు? అమ్మ వచ్చే వేళయింది."

"అందుకే ఇప్పుడు. ఆవిడ ముందు ఎక్కమంటే బాగుండదు."

ఆదివారం. చర్చి నుంచి వచ్చి గంట కాలేదు. అక్కడికి వేసుకెళ్ళిన కోటు మైరన్ ఇంకా విప్పలేదు. జూన్ నెల ఉక్కలో ఇంట్లో కోటేసుకు తిరిగే మగవాడి మీద ఏ పెళ్ళానికైనా అనుమానం వస్తుంది. నోరీన్‌కు గురువారమే వచ్చింది.

గురువారం సాయంత్రం తొమ్మిదేళ్ళ టెస్ తండ్రి నడుం చుట్టూ చేతులు వేసి, "అమ్మా, చూడు, కలిశాయి," అంది. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ పిల్ల చేతులు నాన్న వీపు వెనకాల కలిసింది లేదు. ఈ నాలుగు నెలలుగా మొగుడు చిక్కుతున్నాడని నోరీన్‌కు తెలుసు. అడిగితే ఓ కారణం చెప్పాడు, నమ్మింది. పిల్ల చేతులు కలిశాక నమ్మడం కష్టమైంది.

అయినా మూడు రోజులు నోరు మెదపలేదు. ఇవాళ మెషిన్ తెచ్చి పెట్టింది.

"కోటు విప్పి ఎక్కు."

విప్పాడు. లోపల చొక్కా తీగ మీద ఆరేసిన దుప్పటిలా వేలాడుతోంది. బెల్టుకు మేకుతో పొడిచిన కొత్త చిల్లులు నాలుగున్నాయి. ఎక్కాడు. ముల్లు ఊగి ఊగి ఒకచోట నిలబడింది.

రెండు వందల అరవై ఒకటి.

ఫిబ్రవరిలో అదే ముల్లు మూడు వందల ఎనిమిది పౌండ్లు చూపించింది. కిలోల్లో చెప్పుకుంటే నూట నలభై. ఆ బరువే అతని ఉద్యోగం. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి విసిరేవాడి ముందు ఐదుగురు వరసకట్టి నిలబడతారు. అవతలి జట్టువాళ్ళు గుట్టలు కూలినట్టు మీద పడుతుంటే, బంతి విసిరేదాకా వాళ్ళను ఆపడమే ఆ ఐదుగురి పని. అందులో ఎడమ గార్డు మైరన్ డుడాష్. జీతానికి ఆడటం మొదలుపెట్టి పదకొండేళ్ళు. అంతకుముందు బడిలోనూ కాలేజీలోనూ ఆరేళ్ళు. రెండొందల అరవై ఒక్క పౌండ్లతో ఆ వరసలో నిలబడటమంటే వరదకు తడిక అడ్డం పెట్టడమే.

ఆటల కాలం ముందు జట్టు పెట్టే సాధన శిబిరానికి ఇంకా ఆరు వారాలే ఉంది.

"పదిహేను అన్నావు." నోరీన్ గొంతు పెంచలేదు. "మోకాళ్ళ మీద భారం తగ్గడానికి కోచ్ పదిహేను పౌండ్లు తగ్గమన్నాడన్నావు. ఇవి నలభై ఏడు."

"ఆ మెషిన్ పాతది."

"పొద్దున నేనెక్కి చూశాను. నాకు సరిగ్గానే చూపించింది."

మైరన్ దిగాడు. ముల్లు వెనక్కి జారి సున్నా మీద నిలిచింది. ఏమన్నా అనాలని నోరు తెరిచాడు గానీ ఈలోగా పెరటి తలుపు చప్పుడైంది.

* * *

ఇరీన్ డుడాష్ ఆదివారం వంట గిన్నె లేకుండా కొడుకింటి గడప తొక్కదు. క్యాబేజీ ఆకుల్లో మాంసమూ అన్నమూ చుట్టి టమాటా పులుసులో ఉడికించిన హోలుప్కీలు ఆవిడ తెచ్చేది. ఇద్దరు మోయాల్సిన గిన్నెను డెబ్బై ఏళ్ళ మనిషి ఒక్కర్తీ మోసుకొస్తుంది.

గిన్నె పొయ్యి మీద పెట్టి వెనక్కి తిరిగింది. కోటు లేని కొడుకును చూసింది. నేల మీద మెషిన్ చూసింది. కోడలి మొహం చూసింది.

"ఏమైంది వీడికి?"

"మిమ్మల్నే అడుగుదామనుకున్నాను అత్తయ్యా. రోజూ మధ్యాహ్నం మీ ఇంట్లోనే తింటున్నాడుగా."

"మా ఇంట్లోనా?" ఇరీన్ కుర్చీ వెనక భాగం పట్టుకుంది. "వీడు మా ఇంట్లో తిన్నది ఈస్టర్ నాడు. ఆ తరవాత మెతుకు ముట్టలేదు. నువ్వేదో పథ్యం వండుతున్నావట, నా దగ్గర తింటే నొచ్చుకుంటావట. నేనూ ఊరుకున్నాను. ఎందుకొచ్చిన గొడవలే, కోడలితో మనకెందుకని."

"నేను పథ్యం వండుతున్నానని చెప్పాడా?"

"చెప్పాడు."

ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో అత్తాకోడళ్ళు ఒక్క మాట మీదికి రావడం ఆ ఇంట్లో ఇదే మొదలు. వచ్చి వచ్చి అది మైరన్ నెత్తి మీదికే వచ్చింది.

"ఒరే మైరన్," ఇరీన్ దగ్గరికొచ్చింది. "ఏం రోగంరా? దాచకు. మీ నాన్నకూ ఇట్లాగే మొదలైంది. ముందు బెల్టు వదులైంది. ఆ తరవాత ఉంగరం."

"రోగం కాదమ్మా."

"డాక్టరు దగ్గరికెళ్ళావా?"

"వెళ్ళాను. అన్నీ బాగున్నాయన్నాడు. ఇదివరకటికంటే బాగున్నాయన్నాడు."

"మరింకేమిటి?"

మైరన్ బల్ల ముందు కూలబడ్డాడు. పదకొండేళ్ళ ఆటలో పదిలో ఏడు వేళ్ళు ఏదో ఒకనాడు విరిగినవే. ఆ వంకర వేళ్ళను బల్ల మీద పరిచి వాటితోనే మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టాడు.

"ఫిబ్రవరిలో నాకు జ్వరం తగిలింది, గుర్తుందా? మూడు రోజులు నీళ్ళు కూడా దిగలేదు. నాలుగో రోజు నోరీన్ బడికెళ్ళింది, టెస్ కూడా వెళ్ళింది. పడుకున్నవాణ్ణి లేచాను. కడుపులో ఏదో నొప్పి. జ్వరం మళ్ళీ వచ్చిందేమో అనుకున్నాను. చాలాసేపటికి గానీ తెలీలేదు, అది ఆకలని."

నోరీన్ మెషిన్‌ను కాలితో పక్కకు జరిపింది.

"ఒక బంగాళాదుంప ఉడకేసుకున్నాను. అంతే. ఉప్పు చల్లుకున్నాను. ఆ దుంప..." ఆగాడు. "దాని రుచి ఎట్లా చెప్పాలో నాకు తెలీదు. నిలబడే తిన్నాను. తిన్నాక ఇంకోటి తినాలనిపించలేదు. చాలు అనిపించింది. పదిహేడేళ్ళలో చాలు అనిపించడం అదే మొదలు."

ఆకలి రుచెరగదని సామెత. మైరన్‌కు మాత్రం ఆకలే రుచి నేర్పింది. పదిహేడేళ్ళుగా అతను ఆకలేసి తిన్నది లేదు. పొద్దున ఎనిమిది గుడ్లు, పదింటికో పూట, మధ్యాహ్నం ఓ పూట, నాలుగింటికో పూట, రాత్రి రెండు పూటలు. కడుపు నిండినా తినాలి. వెగటు పుట్టినా తినాలి. ఒక్కరోజు తప్పితే నాలుగు పౌండ్లు పోతాయి. నాలుగు పౌండ్లు పోతే అవతలివాడు ఓ అడుగు ముందుకొస్తాడు.

"మర్నాడు కూడా ఆకలేసేదాకా ఆగాను," అన్నాడు. "ఆ మర్నాడూ ఆగాను. అంతే జరిగింది."

"అంటే..." ఇరీన్ మెల్లిగా అంది. "నేను పెట్టిందానికి రుచి లేదనా?"

"అది కాదమ్మా."

"బడినించి వచ్చేసరికి రెండు కోళ్ళు వండి పెట్టేదాన్ని. నువ్వు తినగా మిగిలిన రెక్క మీ నాన్న తినేవాడు. దానికి రుచి లేదు. ఉప్పు చల్లిన దుంపకుంది."

"నీ వంటకు రుచి లేదని కాదమ్మా, ఆ రుచి నాకు తెలిసే వీల్లేకపోయింది. నేను చెప్పేది..."

"విన్నాన్లే." ఆవిడ మొహం తిప్పుకుని గిన్నె కింద మంట సరిచేసింది. అక్కడ సరిచేయడానికేమీ లేదు.

నోరీన్ ఇంతసేపూ నిలబడే వింది. ఇప్పుడు ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఆడవా అయితే?"

"అట్లా అనలేదు."

"అనక్కర్లేదు. ఆ మెషినే చెప్పింది. నాలుగేళ్ళ కిందట ఇదే బల్ల దగ్గర నిన్ను బతిమాలాను, గుర్తుందా? ఎరీ ఊళ్ళో చెవిటి పిల్లల బడిలో నన్ను హెడ్‌గా రమ్మన్నారు. ఇక్కడ పదేళ్ళుగా చేతుల భాష నేర్పుతున్నాను, అక్కడైతే బడి మొత్తం నా చేతిలో ఉంటుందన్నాను. ఆడింది చాలు, వెళదాం పదమన్నాను. ఏమన్నావు?"

మైరన్‌కు గుర్తుంది.

"ఆట నన్ను వదలాలి గానీ నేను ఆటను వదలనన్నావు. సరేనని వాళ్ళకు రానని రాసేశాను. నేను ఏడ్చి అడిగితే వదలనివాడివి, ఒక బంగాళాదుంప అడిగితే వదిలేశావు."

"నోరీన్."

"వదిలినందుకు కాదు నా బాధ. వదులు. సంతోషమే. నాలుగు నెలలుగా నా ఎదురుగా కూర్చుని, నాతో ఒక్క మాట చెప్పకుండా వదులుతున్నావు చూడు, అందుకు."

 చెబుదామని మైరన్ ఎన్నిసార్లు అనుకున్నాడో. రేపు చెబుదాం, ఈ నాలుగు పౌండ్లు తగ్గాక చెబుదాం. చెబితే నిజమైపోతుందని భయం. చెప్పకపోతే ఏ రోజైనా మళ్ళీ తినడం మొదలెట్టొచ్చని ధైర్యం.



"ఇంకో సంగతి," నోరీన్ లేచింది. "ఒంటిగంటన్నరకు లైల్ భోజనానికి వస్తున్నాడు."

మైరన్ తలెత్తాడు. "కోచా? ఎవరు పిలిచారు?"

"నేనే. నువ్వు చెప్పిన పదిహేను పౌండ్ల మాట నిజమేనా అని అడుగుదామని శుక్రవారం ఫోన్ చేశాను. తీరా గొంతు వినేసరికి అడగలేకపోయాను. మొగుడు అబద్ధాలాడుతున్నాడా అని పరాయివాణ్ణి ఏమని అడగను? భోజనానికి రమ్మన్నాను."

* * *

లైల్ స్టాకర్ సరిగ్గా ఒంటిగంటన్నరకు వచ్చాడు. అరవై మూడేళ్ళు. ఎండిన చింతబరికెలాంటి మనిషి. ఇలాంటి మనిషి పర్వతాల్లాంటి ఐదుగురిని ఎట్లా అదలిస్తాడా అని చూసినవాళ్ళకు ఆశ్చర్యం. ఆయన ఇరీన్‌కు టోపీ తీసి దండం పెట్టాడు, టెస్‌కు పిప్పరమెంటు ఇచ్చాడు. తరవాత మైరన్ వైపు చూశాడు.

పశువుల సంతలో బేరగాడికి తక్కెడ అక్కర్లేదు. లైల్ చూపు మెడ దగ్గర మొదలై భుజాల మీదుగా నడుం దాకా దిగి ఆగింది.

"మనం కాసేపు బయట కూచుందాంరా," అన్నాడు.

పెరటి మెట్ల మీద కూచున్నారు. కొండవాలు కింద మనాంగహీలా నది గోధుమరంగులో పారుతోంది. ఒడ్డున మూతపడిన ఉక్కు మిల్లు పొగగొట్టాలు మూడు నిలబడి ఉన్నాయి. మైరన్ తండ్రి అందులో ముప్పై ఏళ్ళు పనిచేశాడు.

"రెండొందల అరవై?" అన్నాడు లైల్.

"అరవై ఒకటి."

"జబ్బు కాదుగా?"

"కాదు."

"ఆట మీద విరక్తా?"

మైరన్ ఆలోచించాడు. "అదీ కాదు కోచ్. వంగి గడ్డి మీద వేళ్ళు ఆనిస్తాం చూడండి, బంతి కదలకముందు. పక్కవాడి ఊపిరి వినిపిస్తుంటుంది. ఎనభై వేలమంది అరుస్తున్నా అదొక్కటే వినిపిస్తుంది. అప్పుడు నాకు ఇంకేం అక్కర్లేదు. ఇప్పటికీ అంతే."

"మరి?"

"అది మూడు క్షణాలు. ఆ మూడు క్షణాల కోసం మిగతా రోజంతా తింటున్నాను."

లైల్ నవ్వలేదు. మోకాలు చాపి దాన్ని చేత్తో రుద్దుకున్నాడు.

"ఈ వసంతంలో జట్టు కసరత్తులకు రాకుండా భుజానికి మసాజు చేయించుకుంటానంటే ఇంట్లోనే ఉండమన్నాను. మంచివాడివి, అడక్క అడక్క అడిగావు కదా అని."

"భుజం నొప్పి నిజమే కోచ్."

"నిజం కాదన్నానా? నోటితో చెప్పలేక ఒంటితో చెప్పావు. నీ భార్యకూ అంతే, నాకూ అంతే." నది వైపు చూశాడు. "కెండల్ సంగతేమిటి?"

కెండల్ కిందటేడు జట్టులోకొచ్చిన కుర్రాడు. ఇరవై మూడేళ్ళు. బంతి విసిరేది అతనే.

"వాడు బంతి చేతిలోకి రాగానే ఎటు చూస్తాడో గమనించావా?" అన్నాడు లైల్.

"కుడివైపు."

"ఎడమ వైపు చూడడు. ఎందుకని? అటు నువ్వున్నావు. అటునుంచి ఎవడూ రాడని వాడికి తెలుసు. ఈ ఏడు చూస్తాడు. చూసిన ప్రతిసారీ అర క్షణం పోతుంది. ఆ అర క్షణం ఖరీదు నీకు నేను చెప్పక్కర్లేదు. వాడికంటే ముందు బంతి విసిరినవాణ్ణి స్ట్రెచర్ మీద మోసుకెళ్ళినప్పుడు నువ్వూ ఓ కొస పట్టుకున్నావు."

 ఆ రోజు మైరన్ ఆటలో లేడు, కాలు బెణికి. పక్క నుంచి చూశాడు. స్ట్రెచర్ దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళి పట్టుకున్నాడు.

"ఆరు వారాల్లో ముప్పై పౌండ్లు ఎక్కించు. మిగతా పదిహేడూ శిబిరంలో నేనెక్కిస్తాను. ఒక్క ఏడాది. ఆ కుర్రాడికి కాస్త ఊపిరి తిరగనీ, తరవాత నీ దారి నీది. నా కోసం అడగడంలేదు."

"ఈ పదకొండేళ్ళలో నా పేరు మైకులో ఎన్నిసార్లు చదివారో తెలుసా కోచ్?"

గార్డు పేరు మైకులో ఒక్కందుకే చదువుతారు, తప్పు చేసినప్పుడు. అవతలివాడి చొక్కా పట్టుకుని లాగినప్పుడో, తొందరపడి ముందే కదిలినప్పుడో. మంచిగా ఆడితే ఆ పేరు ఎవరికీ తెలీదు.

"ముప్పై మూడు," అన్నాడు లైల్ తడుముకోకుండా.

"ముప్పై నాలుగు."

"మంచులో ఆడిన రోజు చదివింది నీది కాదు. పక్కవాడిది. నేను టేపు మళ్ళీ మళ్ళీ చూశాను."

మైరన్ ఆయన వంక చూశాడు. పదకొండేళ్ళలో తను చేయని ఒక్క తప్పును కూడా గుర్తుపెట్టుకుని లెక్కలోంచి తీసేసిన మనిషి ఈయన.  ఇంతకుముందు లైల్ చెప్పిన ముప్పై పౌండ్లకంటే ఈ ఒక్క అంకె అతన్ని ఎక్కువ కదిలించింది. ఎక్కిస్తానని అనేసేవాడే.

"భోజనానికి రండి," అని లోపలినుంచి ఇరీన్ పిలిచింది.

* * *

టేబుల్ మీద మైరన్ చోటులో అతని పాత పళ్ళెం ఉంది. మిగతావాళ్ళ పళ్ళేలకు రెండింతలుంటుంది. అందులో ఇరీన్ ఎనిమిది హోలుప్కీలు పేర్చింది. పక్కన వెన్నలో వేయించిన ఉల్లిపాయలు, రొట్టె.  పెట్టేసి తన చోటుకెళ్ళి కూచుంది.

ప్రార్థన అయ్యేదాకా లైల్ తల దించుకున్నాడు. తరవాత అందరూ తినడం మొదలుపెట్టారు, అందరి కళ్ళూ ఒకటే పళ్ళెం మీద పెట్టుకుని.

"బాగున్నాయి ఇరీన్ గారూ," అన్నాడు లైల్.

"ఊ," అంది ఇరీన్.

టెస్ ఒకసారి తల్లిని, ఒకసారి తండ్రిని చూసింది. 

మైరన్ మొదటిది కోశాడు. ఆవిరి లేచింది. నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. పులుసులో వెనిగర్ పడిందని అతనికి తెలీదు ఇన్నేళ్ళూ. మాంసంలో మిరియాలు మరీ మెత్తగా కాకుండా కచ్చాపచ్చాగా దంచి వేస్తుందనీ తెలీదు. రెండోదీ తిన్నాడు. రొట్టె ముక్కతో పులుసు తుడుచుకు తిన్నాడు.

తరవాత ఫోర్కు పక్కన పెట్టాడు.

ఆరు మిగిలాయి.

లైల్ ఆ ఆరింటినీ చూసి కళ్ళు తిప్పుకున్నాడు. నోరీన్ నీళ్ళ గ్లాసు ఎత్తి తాగకుండానే దించింది. అందరికీ తెలుసు, ఇప్పుడు ఇరీన్ ఏదన్నా అంటుందని. అనాల్సింది ఆవిడే. ఆ ఇంట్లో పళ్ళెంలో ఏదీ మిగలడం ఆవిడ ఎరగదు.

"వెనిగరు ఎక్కువైందా?" అంది ఇరీన్.

"లేదమ్మా. సరిపోయింది."

"ఎప్పుడూ అంతే వేస్తాను."

"ఇవాళే తెలిసింది."

ఇరీన్ కొడుకు మొహంలోకి చూసింది. 

"మీ నాన్న మిల్లునించి వచ్చేవాడు," అంది, కొడుకుతోనో కోచ్‌తోనో తెలీకుండా. "చేతులు కడుక్కోడానికి కూడా ఓపిక లేకుండా కూచునేవాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. అది చూస్తే వండిన చేతికి చాలనిపించేది. వీడు తినేటప్పుడు నేనెప్పుడూ కూచుని చూళ్ళేదు. ఇంకో విడత వండుకుంటూ ఉండేదాన్ని. చూసిన ఒకటి రెండుసార్లు... కొలిమిలో బొగ్గు పారతో ఎత్తిపోసినట్టుండేది. నా కళ్ళతో నేనే చూసి, పోనీలే, బలం వస్తుంది కదా అనుకున్నాను."

లేచి వచ్చింది. పెద్ద పళ్ళెం రెండు చేతులా ఎత్తింది. మిగిలిన ఆరూ గిన్నెలోకి ఒంపేసింది.

"ఇరీన్ గారూ," అన్నాడు లైల్, నెమ్మదిగా. "మీ అబ్బాయిని ఇంకో ఏడాది అరువడగడానికి వచ్చాను."

"అడిగేదేదో వాణ్ణడగండి. నా వంట మాత్రం అడక్కండి. ఇకనించి వాడు ఎంత తింటే అంతే పెడతాను."

లైల్ తల ఊపాడు. ఓడిపోయిన మనిషిలా లేడు. ఎవరో తన కంటే పెద్ద కోచ్ మాట విన్నవాడిలా ఉన్నాడు.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర మైరన్ భుజం మీద చెయ్యి వేశాడు. "బుధవారం సాయంత్రం శిబిరానికి పేర్లు రాసుకుంటాను. అందులో నీ పేరుండాలో వద్దో ఆ లోపల ఫోన్ చెయ్యి. ఎముకలు కనిపించాక నాకు తెలియడం కాదు, నోటితో చెప్పు. అంతకు తక్కువ నాకు అక్కర్లేదు."

"బుధవారం చేస్తాను కోచ్."

కారు వాలు దిగి మలుపు తిరిగేదాకా మైరన్ అక్కడే నిలబడ్డాడు. ఇరీన్ మనవరాలిని వెంటబెట్టుకుని తన ఇంటికి బయల్దేరింది. వెళుతూ వెళుతూ కోడలి చెయ్యి ఒకసారి నొక్కింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఎప్పుడూ అట్లా నొక్కలేదు.

* * *

నాలుగు దాటింది. నోరీన్ గిన్నెలు కడుగుతోంది. మైరన్ పక్కన నిలబడి తుడుస్తున్నాడు. ఆ సింకు ముందు ఇద్దరూ పక్కపక్కన పట్టడం కూడా కొత్తే. ఇదివరకు అతనొస్తే ఆమె జరిగిపోవాల్సి వచ్చేది.

"చెప్పకపోవడం తప్పే," అన్నాడు మైరన్.

"ఊ."

"కెండల్ గురించి ఆలోచిస్తే వెళ్ళాలనిపిస్తోంది. అమ్మ పళ్ళెం తీసేసినప్పుడు మానెయ్యాలనిపించింది. నాకు ఏదీ స్థిరంగా లేదు. కానీ ఎక్కువసేపు అనిపించేది మానెయ్యాలనే." ప్లేటు తుడిచి పేర్చాడు. "టెస్ మూడో క్లాసులో ఏం పాటలు పాడుతుందో నాకు తెలీదు. ఆగస్టులో మీరిద్దరూ ఏం చేస్తారో తెలీదు. ఏ ఆగస్టులోనూ నేనింట్లో లేను. ఈసారి ఉందామని."

నోరీన్ చేతులు నీళ్ళలోనే ఆగాయి.

"ఆగస్టులో మేం ఇక్కడ ఉండం," అంది.

"అంటే?"

ఆమె చేతులు తుడుచుకుంది. వంటల పుస్తకాల వెనకనించి ఓ కవరు తీసి అతని ముందు పెట్టింది. విప్పి చాలా రోజులైన కవరు. అంచులు నలిగి ఉన్నాయి.

"ఎరీ వాళ్ళు మళ్ళీ రాశారు. అదే బడి. నాలుగేళ్ళ కిందట నా బదులు తీసుకున్నావిడ వెళ్ళిపోయిందట. ఏప్రిల్లో సంతకం పెట్టి పంపించేశాను. ఆగస్టు మొదటి వారంలో చేరాలి. టెస్‌కు అక్కడే బడి చూశాను."

"ఏప్రిల్లో," అన్నాడు మైరన్.

"ఇంకో రెండేళ్ళు ఆడతావనుకున్నాను. ఆగస్టునించి జనవరిదాకా ఎలాగూ ఉండవు. నువ్వు లేని ఇల్లు ఇక్కడుంటేనేం, అక్కడుంటేనేం అనుకున్నాను. శిబిరానికి వెళ్ళాక ఫోన్లో చెబుదామని."

"ఫోన్లో?"

"ఎదురుగా చెప్పలేనని."

మైరన్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఒకే బల్ల దగ్గర, అటొకరూ ఇటొకరూ కూర్చుని, ఏప్రిల్ నెలంతా ఒకరికొకరు ఉప్పు గిన్నె అందించుకున్నారు.

"అయితే మంచిదేగా," అన్నాడు చివరికి. ఆ మాట అంటుంటే అతనికి నిజంగానే తేలికైంది. "నేనూ వస్తాను. ఇంకెందుకు ఆలోచన? కోచ్‌కి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేస్తాను. ముగ్గురం కలిసి వెళదాం."

నోరీన్ సరే అనలేదు.

కిటికీలోంచి నది మీదికి చూస్తూ నిలబడింది. ఆమె మౌనం కొంచెం కొంచెంగా అతనికి అర్థం కాసాగింది, మెట్లు ఒక్కొక్కటే దిగుతున్నట్టు.

"నోరీన్. నన్ను రమ్మనవా?"

"రావద్దని అనడంలేదు."

"మరి?"

"నువ్వు లేకుండా ఇల్లు ఎట్లా నడపాలో నేర్చుకోడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది మైరన్. మొదట్లో రోజూ ఏడ్చేదాన్ని. నీకు చెప్పలేదు. తరవాత అలవాటైంది. ఆ తరవాత బాగానే ఉంది. ఈ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు ఆ ఇంట్లో నేనూ టెస్సూ కనిపించాం. రెండు కుర్చీలు, చిన్న బల్ల. నిన్ను అందులోంచి తీసెయ్యలేదు. అసలు పెట్టడమే గుర్తురాలేదు. అది తెలిసి నాకే భయమేసింది."

మైరన్ చేతిలో తుడిచే గుడ్డ ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు. టెలిఫోన్ గోడకుంది, రెండడుగుల దూరంలో. అటు చూశాడు.

"ఇప్పుడు చెయ్యకు," అంది నోరీన్. "నా కోసం మానేశానని రేపు నువ్వనుకోకూడదు. నీ కోసం ఒప్పుకున్నానని నేనూ అనుకోకూడదు."

"మరేం చెయ్యమంటావు?"

"ఆయనకు బుధవారం చెబుతానన్నావుగా. నాకూ బుధవారం దాకా టైమివ్వు."

"బుధవారం నువ్వేం చెబుతావు?"

నోరీన్ కవరు తీసుకుని మళ్ళీ పుస్తకాల వెనక పెట్టబోయింది. ఇక దాచాల్సిన పని లేదని గుర్తొచ్చి, బల్ల మధ్యలో పెట్టింది.

"నువ్వింట్లో ఉండటం నాకు కావాలో వద్దో," అంది.